మూతపడని ముహూర్తం

ఆ బుధవారం ఎలా గడవాలో ఢిల్లీశ్వరరావు తెల్లవారక ముందే నిర్ణయించేశాడు. పొద్దున్న ముహూర్తానికి కొత్త కంప్యూటర్‌కి పూజ. ఆ వెంటనే దాని మీద తన చేత్తో శ్రీకారం. తర్వాత పులిహోర, పరమాన్నంతో భోజనం. అది కాగానే వాకిట్లో నిలబడ్డ జీడిపప్పు లారీని కలకత్తాకి సాగనంపడం. సాయంత్రం తీరిగ్గా కూర్చుని కూతురు హిమజ పెళ్ళి సంగతి తేల్చెయ్యడం. పలాసలో ‘జగదాంబ క్యాష్యూస్’ పెట్టిన నాటినుంచీ ఆయన వేసిన ఏ ప్రణాళికా తప్పలేదు. ఆయన జీవితంలోకి కంప్యూటర్ రావడం మాత్రం అదే మొదటిసారి.

దాన్ని తెచ్చినవాడు శశిధర్. ఢిల్లీశ్వరరావుకి స్వయానా మేనల్లుడు, టెక్కలి కుర్రాడు. విశాఖపట్నంలో ఒక కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్‌లో కోర్సు పూర్తి చేసి, సర్టిఫికెట్‌కి ఫ్రేము కట్టించుకుని వచ్చాడు. హిమజని తనకిమ్మని చిన్నప్పటినుంచీ అడుగుతున్నాడు. మేనమామ ఇన్నాళ్ళూ అవుననలేదు, కాదనలేదు. ఈమధ్యే బరంపురం నుంచి బ్యాంకు ఉద్యోగి సంబంధం వచ్చింది. వాళ్ళు ఆదివారం పిల్లని చూడ్డానికి వస్తున్నారు. దాంతో ఢిల్లీశ్వరరావు సరుకు నాణ్యం చూసినట్టే అల్లుణ్ణి కూడా చూద్దామనుకున్నాడు. బుధవారం కంప్యూటర్ సవ్యంగా నడిస్తే హిమజ శశిధర్‌దే. నడవకపోతే ఆదివారం బరంపురం వాళ్ళు కూర్చోవడానికి కుర్చీలు తెచ్చే పని శశిధర్‌ది.

హిమజకి బావంటే ఇష్టమే. ఆ ఇష్టంలో నమ్మకం పాలు ఎంతో ఆమె ఇంకా తేల్చుకోలేదు.

ముహూర్తం పెట్టింది హరిశ్చంద్రపురం గోవిందరాజులు పంతులుగారు. నిష్ఠగల మనిషి. ఆఫీసు గదిలో కలశం పెట్టి, కంప్యూటర్ తెరకి పసుపు రాసి, బొట్టు పెట్టి, ఎదురుగా దీపం వెలిగించి, అందరికీ వినబడేలా నియమాలు చెప్పారు. ముహూర్తంలో మొదలుపెట్టిన పని ముగిసేదాకా ఉద్వాసన చెప్పకూడదు. ఉద్వాసన అయ్యేదాకా లోపలివాళ్ళు గడప దాటకూడదు, దాటి లోపలికి వచ్చినవాళ్ళు మళ్ళీ బయటికి పోకూడదు. అంతవరకూ పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకూడదు. దీపాన్ని గాని, ఆ వెలుగుతున్న యంత్రాన్ని గాని చేత్తో ఆర్పకూడదు. మామూలుగా ఏ దుకాణంలోనైనా ఇదంతా పావుగంట వ్యవహారం. పంతులుగారు అదే లెక్కతో మధ్యాహ్నం పాసింజరుకి ఇంటికి పోవాలనుకున్నారు. అక్కడ ఆయనకి ఇంకో ఇంట్లో గృహప్రవేశం ఉంది.

గదిలో ఉన్నది ఐదుగురు. ఢిల్లీశ్వరరావు, హిమజ, శశిధర్, పంతులుగారు, పాతికేళ్ళుగా పనిచేస్తున్న గుమస్తా దాలయ్య. ఢిల్లీశ్వరరావు భార్య దమయంతి వంటలు చూస్తూ బయట ఉండిపోయింది. ఆ రోజు మొత్తంమీద అదృష్టవంతురాలు ఆవిడే.

శశిధర్ నల్లటి తెర మీద ఏదో కొట్టి, రాసుకోవడానికి వీలైన ఒక ఎడిటర్ తెరిచాడు. వి, ఐ అని రెండక్షరాల పేరు దానిది. ఇన్‌స్టిట్యూట్‌లో అతను నేర్చుకున్నది అదొక్కటే. దాని స్వభావం కొంచెం విచిత్రం. అందులో ప్రతి మీటకీ రెండు బుద్ధులు ఉంటాయి. ఒక బుద్ధిలో ఉన్నప్పుడు నొక్కితే అక్షరం పడుతుంది. ఇంకో బుద్ధిలో నొక్కితే అది ఆజ్ఞ అనుకుని ఏదో ఒకటి చేసేస్తుంది. ఇప్పుడు ఏ బుద్ధిలో ఉందో అది పైకి చెప్పదు.

ఢిల్లీశ్వరరావు ఉంగరం వేలితో ‘శ్రీ’ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. మూడక్షరాలు కొడితే తెర మీద రెండే పడ్డాయి. మొదటిది ఎటు పోయిందో తెలియలేదు. మొదటి అక్షరాన్ని అది లోపల దాచుకుంటుందని శశిధర్ సర్దిచెప్పాడు. మొదటి ముద్ద కాకికి పెట్టినట్టన్నమాట అని దాలయ్య సాయం వెళ్ళాడు. శుభకార్యంలో కాకి మాటెందుకని యజమాని చూసిన చూపుకి దాలయ్య కిటికీ దగ్గరికి తప్పుకున్నాడు. పోయిన అక్షరాన్ని మళ్ళీ కొట్టారు, అతికింది. దాని కింద ఢిల్లీశ్వరరావు, కాలం చేసిన తన తల్లి జగదాంబ పేరు ఒక్కొక్క అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు. తల్లి పేరు తెర మీద వెలుగుతుంటే ఆయన కళ్ళు చెమర్చాయి.

పంతులుగారు గడియారం చూసుకున్నారు. “శుభం. ఇక ముగించండి. ఉద్వాసన చెప్పేస్తాను.”

శశిధర్ ముగించడానికి ‘క్విట్’ అని కొట్టాడు. జగదాంబ కింద ‘క్విట్’ అని పడింది. ‘ఎగ్జిట్’ అని కొట్టాడు. అదీ పడింది. ‘బై’ అన్నాడు. ఎంతో చక్కగా, పొల్లుపోకుండా అదీ పడింది. ఏది చెబితే అది రాసేస్తున్న యంత్రాన్ని చూసి ఢిల్లీశ్వరరావు మొదట మురిసిపోయాడు. తర్వాత ఆఖరి మాట కూడబలుక్కుని చదివాడు.

“ఒరే అల్లుడూ, బై అంటే ఎల్లిపొమ్మని కాదేటి? ముహూర్తం పూట మాయమ్మ పేరు కింద ఎవుల్ని ఎల్లిపొమ్మంటన్నావురా?”

శశిధర్ నుదుటి మీద మొదటి చెమట చుక్క మెరిసింది. అతని చెయ్యి కీబోర్డు మూలనున్న ఏదో మీటకి తగిలింది. అక్కణ్ణుంచి అక్షరాలు పడటం ఆగిపోయి, ఏది నొక్కినా కీచుమని అరవడం మొదలైంది. ఇంకో మీట నొక్కాడు. శ్రీకారం, జగదాంబ, వెళ్ళిపొమ్మన్న మాట, అన్నీ ఒక్కసారిగా మాయమైపోయాయి. నల్లటి తెర ఎడమ అంచున పైనుంచి కింది దాకా వంకర గీతలు మాత్రం మిగిలాయి. పంతులుగారు ముందుకు వంగి, అవి సర్పాకారంలో ఉన్నాయేమిటని అడిగారు. ఢిల్లీశ్వరరావు తల్లి పేరు ఉన్నచోటికేసి అలాగే చూస్తూ నిలబడ్డాడు.

కంప్యూటర్ ఆలోచిస్తోందనీ, కొత్త మిషను కనక ఆలస్యమవుతుందనీ శశిధర్ ప్రకటించాడు. హిమజ కుర్చీ జరుపుకుని అతని పక్కన కూర్చుంది. తండ్రికి వినబడకుండా అడిగింది.

“బావా, నిజం సెప్పు. దీన్ని ముయ్యడం నీకొచ్చా?”

“రాదు.”

“కోర్సంతా ఏటి నేర్పినారు మరి?”

“తెరవడం నేర్పినారు, రాయడం నేర్పినారు. ముయ్యాల్సిన అవసరం రాలేదు హిమా. టైమయిపోతే మా సారు ఎవుడూ కదలట్లేదని మెయిన్ స్విచ్చి దించీసీవోరు. రోజూ అంతే. ఏ బేచ్చికైనా అంతే.”

విశాఖపట్నం నుంచి సర్టిఫికెట్లు పట్టుకుని నలుదిక్కులకీ పోయిన కుర్రాళ్ళందరూ ఈ క్షణాన ఏ ఊళ్ళో ఏ తెర ముందు చెమటలు కక్కుతున్నారో హిమజ ఊహించుకున్నట్టుంది. తర్వాత లేచి, ఎస్.టి.డి. కాల్ చేసుకుంటామని తండ్రిని అడిగి, ఫోను తెచ్చి బావ చేతికిచ్చింది.

శశిధర్ ఇన్‌స్టిట్యూట్ సారుకి పరిస్థితి వివరించాడు. సారు ఓపిగ్గా విన్నారు. మధ్యలో రెండు సార్లు ‘ఊఁ’ అన్నారు కూడా. చివర్న మెయిన్ దించెయ్యమని సలహా ఇచ్చారు. మెయిన్ దించడం శాస్త్రం ఒప్పదని శశిధర్ చెబితే, అయితే ఇది సిలబస్‌లో లేదని చెప్పి పెట్టేశారు. మూడు మీటలు ఒకేసారి నొక్కితే యంత్రం తనంతట తానే ఆరి మళ్ళీ వెలుగుతుందని శశిధర్‌కి తెలుసు. ఆ మాట పంతులుగారి చెవిన వేశాడు. ఆరి వెలగడం కూడా ఆరడమే అన్నారు పంతులుగారు. అయినా ఆయన మనసు పాసింజరు మీదికి పోయింది. కాసేపు కళ్ళు మూసుకుని, తనే పెట్టిన నియమాల్లో ఎక్కడైనా సందుందేమో వెతుక్కున్నారు.

“ఒకటుంది. మనిషి ఆర్పకూడదు గాని, కరెంటు దానంతట అదే పోతే దోషం లేదు. అది దైవికం.”

ఆ మాట ఆయన అరగంట ముందు చెప్పి ఉంటే కథ ఇక్కడితో అయిపోయేది. ఆ వేసవిలో పలాసలో మధ్యాహ్నపు కోత సూర్యుడి కంటే నమ్మకమైనది. కాని ఢిల్లీశ్వరరావు అప్పటికే, వెలుగుతున్న కంప్యూటర్ కరెంటు కోతకి ఆరిపోతే అపశకునమని భయపడి, సబ్‌స్టేషన్‌కి ఫోను చేసి, ఇవాళ ఒక్కరోజు తమ లైను తియ్యొద్దని ప్రాధేయపడి, మాట తీసుకుని ఉన్నాడు. పంతులుగారి సడలింపు విని మళ్ళీ ఫోను అందుకోబోయాడు. ఫోను చేసి తీయిస్తే అది దైవికం ఎలా అవుతుందని పంతులుగారు అడిగారు. ఢిల్లీశ్వరరావు రిసీవరు కింద పెట్టేశాడు. ఇక కరెంటు వాళ్ళు మాట తప్పాలని దేవుణ్ణి ప్రార్థించడం తప్ప చెయ్యగలిగింది లేదు. ఏ రోజూ మాట మీద నిలబడనివాళ్ళు ఆ రోజు నిలబడ్డారు.

ఈలోగా కిటికీ అవతల వేరే కథ మొదలైంది.

లారీ డ్రైవరు బయల్దేరడానికి సిద్ధమై కిటికీ దగ్గరికి వచ్చాడు. గుమస్తా దాలయ్య చూసింది చూసినట్టు చెప్పాడు. లోపలివాళ్ళు బయటికి రాకూడదు. బయటివాళ్ళు లోపలికి వస్తే మళ్ళీ పోకూడదు. లారీ కదలడానికి వీల్లేదు. ఒక కుర్రాడు కంప్యూటర్ ముందు కూర్చుని లేవడం లేదు. యజమాని మంచినీళ్ళు కూడా ముట్టడం లేదు. పొద్దున్నే పెద్దమ్మగారి పేరు కూడా కొట్టేశారు. దాలయ్య ఒక్క అబద్ధం ఆడలేదు. వ్యాపారం మీద నాలుగు రాష్ట్రాలు తిరిగిన డ్రైవరుకి ఇంతకంటే ఆధారం అక్కర్లేకపోయింది. తలుపులు మూసి, మనుషుల్ని కదలనివ్వకుండా, కాగితాలకి బదులు కంప్యూటర్ పట్టుకొచ్చి చేసే పని ఒక్కటే. అది పన్నులవాళ్ళ దాడి.

డ్రైవరు టీకొట్టుకి వెళ్ళి ఈ మాట ఒక్కడికే చెప్పాడు. ఆ ఒక్కడు టీకొట్టు యజమాని. టీ తాగడానికి వచ్చిన ప్రతివాడూ ఒక గ్లాసు టీతో పాటు ఈ కబురు కూడా పట్టుకెళ్ళాడు. కాసేపటికి పక్క జీడిపప్పు ఫ్యాక్టరీ తలుపులు మూతపడ్డాయి. తర్వాత ఎదురుది. తర్వాత కాశీబుగ్గ బజారులో షట్టర్లు ఒకదాని వెనక ఒకటి దిగాయి. సుమ్మాదేవి ఊరి వైపు నుంచి జీడిపిక్కల బస్తాలతో వస్తున్న ట్రాక్టర్లని ఎవరో ఎదురెళ్ళి వెనక్కి తిప్పేశారు. పప్పు ఒలిచే ఆడవాళ్ళు కత్తిపీటలు పక్కన పెట్టి ఇళ్ళకి పోయారు. అప్పటికీ ఇదంతా పుకారేమోనని అనుమానించినవాళ్ళు కొందరున్నారు. మధ్యాహ్నం దాటినా కరెంటు పోకపోవడంతో ఆ అనుమానమూ తీరిపోయింది. కోత కూడా ఆపించారంటే వచ్చినవాళ్ళు మామూలువాళ్ళు కాదు, హైదరాబాదు వాళ్ళే.

వర్తకుల పెద్ద గోపాలరావుకి ఢిల్లీశ్వరరావు వరసకి బావ. ఉండబట్టలేక ఫోను చేశాడు. అవతల అధికారులు వింటుంటారేమోనని గొంతు తగ్గించి, పేర్లు లేకుండా అడిగాడు.

“బావా, ఎంతమందున్నారు?”

“ఐదుగురం బావా. పొద్దున్నించి ఎవులకీ భోజనాల్లేవు.”

“ఏటి అడుగుతన్నారు?”

“అడగడానికేటుంది? గుంటడు కంప్యూటర్ని సూత్తన్నాడు, మేవందరం గుంటణ్ణి సూత్తన్నాం.”

“ఎప్పుటికి వదుల్తారేటి?”

“అది వదిలితే కదా బావా. లోపలికి పోనాది గాని బయటికి రావట్లేదు. అమ్మ పేరు కూడా మాయం సేసీసినారు.”

గోపాలరావు ఇంకేమీ అడక్కుండా ఫోను పెట్టేసి, తన గోడౌనుకి బయటనుంచి రెండో తాళం కూడా వేయించాడు.

ఈ వార్త చిట్టచివర్న చేరవలసినవాడికి చేరింది. ఆ ప్రాంతపు పన్నుల అధికారి నిరంజన్ భోజనానికి కూర్చోబోతూ విన్నాడు. తన పరిధిలో, తనకి చెప్పకుండా, హైదరాబాదు నుంచి పెద్ద అధికారి వచ్చి దాడి చేస్తున్నాడు. ఇలా జరిగిందంటే అర్థం ఒకటే, తన మీద పైవాళ్ళకి అనుమానం ఉందని. నిరంజన్ చేతులు కడిగేసుకుని, జీపులో నాలుగు ఉద్దానం కొబ్బరిబొండాలు వేయించుకుని జగదాంబ క్యాష్యూస్‌కి బయల్దేరాడు. రోడ్డుకి రెండువైపులా మూసిన షట్టర్లు చూసేసరికి జీపుని ఇంకాస్త వేగంగా పోనిమ్మన్నాడు. వాకిట్లో ఆగిన లారీ చుట్టూ తిరిగి, చెప్పులు విప్పి, బొండాం చేత పట్టుకుని గడప దాటేశాడు.

లోపల దృశ్యం అతను అనుకున్నట్టే ఉంది. యజమాని గోడకి జారబడి ఉన్నాడు. గుమస్తా దిగాలుగా ఉన్నాడు. ఒక పురోహితుడు కూడా పట్టుబడ్డాడు. గది మధ్యలో కళ్ళద్దాల కుర్రాడు, ఎవరినీ లక్ష్యపెట్టకుండా, తెర మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చుని ఉన్నాడు. కొత్తగా పరీక్షలు రాసి వచ్చే పెద్ద అధికారులు ఈమధ్య ఈ వయసులోనే వస్తున్నారని నిరంజన్ విని ఉన్నాడు. చేతులు కట్టుకుని కుర్చీ పక్కన నిలబడ్డాడు.

“సార్, ఒక్కమాట చెప్పి ఉంటే స్టేషనుకి జీపు పంపేవాణ్ణి. ముందు ఈ బొండాం పుచ్చుకోండి సార్.”

పొద్దున్నించీ పచ్చి మంచినీళ్ళు లేని శశిధర్ చెయ్యి దానంతట అదే ముందుకు పోయింది. ఉద్వాసన కాలేదని పంతులుగారు బొండాన్ని పక్కకి తీయించారు. ఢిల్లీశ్వరరావు మాత్రం గోడ వదిలి నిటారుగా నిలబడ్డాడు. ఈ నిరంజన్ తన ఫ్యాక్టరీకి వచ్చినప్పుడల్లా తనే చేతులు కట్టుకుని నిలబడేవాడు. ఇవాళ అదే మనిషి తన చెల్లెలి కొడుకు ముందు చేతులు కట్టుకున్నాడు. కంప్యూటర్ చదువంటే ఇంతుంటుందా అనుకుని, ఆయన అక్కడికక్కడే కూతురి వైపు తిరిగి తల ఊపాడు. అది పెళ్ళికి ఒప్పుకున్న తల ఊపే. హిమజకి అర్థమైంది. శశిధర్‌కీ అర్థమైంది.

అతను నోరు మూసుకుని ఉంటే సరిపోయేది. ఇంకెంతసేపు పట్టవచ్చునని నిరంజన్ ఇంకోసారి వినయంగా ‘సార్’ అనేసరికి, ఆకలో భయమో తెలియదు, శశిధర్ నోట నిజం కట్ట తెంచుకుంది.

“నాకు తెల్దండి. దీన్లోంచి బయటికి రావడం నాకు రాదు. పొద్దున్నించీ రాదు. నాను సారుని కాదు, ఆయన మేనల్లుణ్ణి.”

ఢిల్లీశ్వరరావు మళ్ళీ గోడకి జారబడ్డాడు. నిరంజన్ కట్టుకున్న చేతులు మెల్లగా విప్పుకుని, తను ఎవరికి ఎంత సేపు ‘సార్’ అన్నాడో లెక్క వేసుకుని, ఏమీ జరగనట్టు తలుపు వైపు నడిచాడు. గడప దగ్గర పంతులుగారు అడ్డం నిలబడ్డారు. లోపలికి వచ్చినవాళ్ళు ఉద్వాసన అయ్యాకే బయటికి. నియమం నియమమే, అధికారి అయినా, అల్లుడైనా. ప్రభుత్వ ఉద్యోగినని నిరంజన్ చెప్పి చూశాడు. ప్రభుత్వానికి కూడా దోషం తగులుతుందని పంతులుగారు అనేసరికి, అతను వెనక్కి వచ్చి దాలయ్య పక్కన బల్ల మీద కూర్చుండిపోయాడు.

అలా కూర్చున్నాక అతనికి తెర సరిగ్గా కనబడింది. నలుపు. ఎడమ అంచున వంకర గీతలు. నిరంజన్ చాలాసేపు దాన్ని చూసి, చాలా కాలానికి తెలిసిన మనిషిని గుర్తుపట్టినట్టు నిట్టూర్చాడు.

“ఇదా? మా ఆఫీసులోనూ ఇదే. కిందటేడు మావాళ్ళెవరో ఇందులోకి వెళ్ళారు, ఇప్పటికీ బయటికి రాలేదు. కరెంటు పోతే ఆరుతుంది. వచ్చాక ఇంకెవరో మళ్ళీ అందులోకే వెళ్తారు.”

మరి మీరేం చేశారని హిమజ అడిగింది. గుడ్డ కప్పేశామన్నాడు నిరంజన్. ఆ మాటకి పంతులుగారు చివాలున తలెత్తారు. సాయంత్రం పాసింజరు కూడా పోయేలా ఉందన్న బాధలో ఉన్న మనిషికి, అంతవరకూ తట్టని శాస్త్రం ఒక్కసారిగా తట్టింది. కోవెలలో స్వామికి నైవేద్యం పెట్టేటప్పుడు తెర వేస్తారు. పవళింపు సేవకి తెర వేస్తారు. తెర వేసినంత మాత్రాన స్వామిని పంపేసినట్టూ కాదు, దీపం ఆర్పినట్టూ కాదు. లోపల వెలుగు లోపలే ఉంటుంది, భక్తులు మాత్రం ఇళ్ళకి పోవచ్చు.

“యంత్రాన్ని ముయ్యనక్కర్లేదు. పవళింపు చేద్దాం.”

ఢిల్లీశ్వరరావు భుజం మీది కొత్త కండువా తీసి ఇచ్చాడు. పంతులుగారు మంత్రం చదువుతూ, వెలుగుతున్న కంప్యూటర్ మీద దాన్ని మెల్లగా దించారు. దాలయ్య గంట వాయించాడు. నిరంజన్ అలవాటు కొద్దీ దీపాన్ని కళ్ళకద్దుకున్నాడు. కలశం కదిపారు, ఉద్వాసన చెప్పారు. పోతూ పోతూ, ఉద్యోగధర్మం ఒకటుంది గనక, లెక్కలన్నీ ఇందులోనేనా ఉండేవని నిరంజన్ అడిగాడు. ఇక మీదట ఇందులోనేనని ఢిల్లీశ్వరరావు చెప్పాడు. నిరంజన్ కండువాకేసి ఒకసారి చూసి, ఇంకేమీ అడగకుండా గడప దాటాడు.

లారీ కదిలింది. దమయంతి చల్లారిన పులిహోర వడ్డించింది. శశిధర్ విస్తరి ముందు కూర్చున్నాడు గాని, ముద్ద ఎత్తలేదు. ఢిల్లీశ్వరరావు చెయ్యి కడుక్కుంటూ తీర్పు చెప్పేశాడు. ముయ్యడం రాని పని తెరవకూడదని ఆయనకి చిన్నప్పుడు తల్లి చెప్పిందట. ఆ తల్లి పేరే పొద్దున్న ఊడ్చిపెట్టుకుపోయింది. అందుకని ఆదివారం బరంపురం వాళ్ళు వస్తారు, కుర్చీలు శశిధర్ తెస్తాడు. హిమజ తండ్రిని గాని, బావని గాని చూడకుండా పరమాన్నం గిన్నె తీసుకుని లోపలికి పోయింది. బావ నిజం చెప్పిన క్షణంలో ఆమె నమ్మకం పాలు తేల్చుకుంది. తండ్రి కూడా అదే క్షణంలో తన పాలు తేల్చుకున్నాడు.

సరిగ్గా అప్పుడు వాకిట్లో చెప్పుల చప్పుడైంది. గోపాలరావు, ఆయన వెనక ఆరేడుగురు జీడిపప్పు వర్తకులు. వాళ్ళందరూ ఎదురు ఫ్యాక్టరీ మేడ మీదనుంచి అంతా చూశారు. ఆ పన్నుల నిరంజన్ బొండాంతో హడావుడిగా లోపలికి పోవడం చూశారు. చాలాసేపటికి చేతిలో ఒక్క కాగితమైనా లేకుండా, మొహం తుడుచుకుంటూ, చెప్పులు ఎడం కుడి చూసుకోకుండా తొడుక్కుని పోవడం కూడా చూశారు. హైదరాబాదు వాళ్ళు ఎవరూ లేరన్న నిజం వాళ్ళకి అప్పటికి అక్కర్లేదు. కావలసింది వేరు.

“ఏటి సూసినాడు బావా ఆయన?” అన్నాడు గోపాలరావు.

“ఏటి సూత్తాడు? గుడ్డ సూసినాడు.”

“లెక్కలడగలేదా?”

“అందులో ఉంటాయన్నాను. పోనాడు.”

గోపాలరావు కండువా కప్పిన కంప్యూటర్ దగ్గరికి వెళ్ళి, గుళ్ళో నిలబడినట్టు కాసేపు నిలబడ్డాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో ఆయన ఎన్నో రకాల బీరువాలు చూశాడు. అధికారి తనంతట తానే తెరవడం మానుకున్న బీరువాని ఇప్పుడే చూస్తున్నాడు. అచ్చంగా ఇలాంటిదే తనకీ కావాలన్నాడు. ముయ్యడం వచ్చే రకం పొరపాటున కూడా వద్దన్నాడు. వెనకున్నవాళ్ళు తమకూ అలాంటివే కావాలన్నారు. ఇంత పని చేసిన కుర్రాడు ఎవరని అడిగి, విస్తరి ముందు కూర్చున్న శశిధర్ని కిందినుంచి పైదాకా చూశాడు.

“గుంటడికి సంబంధాలేవైనా సూత్తన్నారేటి బావా? మా లావణ్యకి ఈడూ జోడూ బాగుంతాది.”

ఢిల్లీశ్వరరావు జీవితమంతా ఒకే సూత్రం మీద బతికాడు. తన గోడౌనులో మూలపడున్న సరుకుని పక్కవాడు బేరమాడాడంటే దాని ధర అప్పుడే మారిపోయిందని అర్థం. ఆయన చెయ్యి తుడుచుకుంటున్న తువ్వాలు మెల్లగా మడత పెట్టాడు.

“ఖాళీ లేడు బావా. మా హిమజకని సిన్నప్పుడే అనుకున్నాం.”

శశిధర్ అప్పుడు మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. గుమ్మంలోంచి హిమజ, ఆదివారం బరంపురం వాళ్ళకి ఏం చెప్పాలని అడిగింది. తెర వేసేసినామని చెప్పమన్నాడు తండ్రి. రెండు రైళ్ళూ తప్పిపోయి అరుగు మీద కూర్చున్న పంతులుగారిని అప్పుడే లోపలికి పిలిచారు. ఆయన పంచాంగం తీస్తూ, పెళ్ళిపందిట్లో యంత్రాలేవీ పెట్టరు కదా అని ముందుగా రూఢి చేసుకున్నారు.

జ్యేష్ఠమాసంలో పెళ్ళయింది. ఆ వర్షాకాలమంతా శశిధర్ పలాస బజారులో కంప్యూటర్ల మీద కంప్యూటర్లు తెరిచి, వాటికి కండువాలు కప్పుతూ వచ్చాడు. దాన్ని ముయ్యడం ఎలాగో అతనికి ఆషాఢంలో తెలిసింది గాని, ఎవరూ అడగలేదు కనక ఎవరికీ చెప్పలేదు.